రెక్కీకి ఒకేసారి అందరూ వెళ్ళాలా, రెండు విడతలుగా వెళ్ళాలా: ఏది మేలు?

సినిమా షూటింగ్‌కి ముందు లొకేషన్‌కి వెళ్ళి చూసి రావడమే రెక్కీ. లొకేషన్ ఖాయం చేసుకోవడానికి మూడు దారులున్నాయి. మేనేజర్ పంపిన ఫొటోలు చూసి సరే అనడం, అన్ని శాఖలవాళ్ళూ ఒక్కసారే వెళ్ళి చూసి రావడం, లేదా ముందు ముగ్గురు వెళ్ళి ఎంచుకున్నాక తక్కినవాళ్ళతో మళ్ళీ వెళ్ళడం.

ఫొటోలు వడపోతకే పనికొస్తాయి. ఫోన్ వైడ్ లెన్సులో పన్నెండడుగుల గది పెద్ద హాలులా కనిపిస్తుంది. టేపు పట్టుకుంటే గానీ సంగతి తేలదు. సూపర్ 35 కెమెరాకు (సినిమాల్లో మామూలుగా వాడే సెన్సర్ సైజు) 35 ఎం.ఎం. లెన్సు వేసి, నిలబడ్డ మనిషిని తల నుంచి పాదాల దాకా అడ్డం ఫ్రేములో పట్టాలంటే మధ్యలో దాదాపు 5 మీటర్ల దూరం కావాలి. వెనక ఆపరేటర్‌కి ఇంకో మీటరు. ఆ గది పొడవు 3.6 మీటర్లే! అందుకే గది కొలతతో పాటు, తలుపు తీసి వరండాలోంచి ఎంత దూరం దొరుకుతుందో కూడా కొలవాలి.

పదిహేనుమంది ఒకేసారి వెళ్తే ఒక రోజు మిగులుతుంది, నిజమే. కానీ ఐదు చోట్లు తిరిగి నాలుగు వద్దనుకుంటే అందరి సమయమూ వృథా. పైగా అంతమంది మాటల్లో పక్కింటి మోటారు చప్పుడు ఎవరికీ వినపడదు. లొకేషన్ బాగా దూరమై, వేరే ప్రత్యామ్నాయం లేనప్పుడే ఈ పద్ధతి నయం.

మా ఓటు రెండు విడతలకే. మొదటిసారి డైరెక్టర్, కెమెరామన్, మేనేజర్ చాలు. సీను ఏ వేళదో ఆ వేళకే వెళ్ళాలి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, ఉదయం పదింటికి కిటికీలోంచి పడిన ఎండ మధ్యాహ్నానికి ఉండకపోవచ్చు.

రెండోసారి సౌండ్ రికార్డిస్టూ హెడ్ లైట్‌మనూ తప్పనిసరి. ఫ్రిజ్, ఫ్యాన్, ఏసీ అన్నీ ఆపించి, నిమిషం పాటు ఎవరూ కదలకుండా రికార్డు చేయాలి. ఒకసారి చప్పట్లు కొడితే గది ఎంత మోగుతుందో తెలిసిపోతుంది. షూటింగ్ సోమవారమైతే రెక్కీకీ సోమవారమే వెళ్ళండి. పక్కన బడి ఉందంటే ఆదివారం రెక్కీ నిండా మోసం చేస్తుంది.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. 230 వోల్టుల దగ్గర 15 ఆంపియర్ల లైను 3450 వాట్లే మోస్తుంది. 2 కిలోవాట్ల లైట్లు రెండు పెడితే 17 ఆంపియర్లు దాటుతుంది, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోవచ్చు. వేర్వేరు గదుల సాకెట్లు కూడా ఒకే ఎంసీబీ మీద ఉండొచ్చు కాబట్టి బోర్డు తెరిచి, ఒక్కొక్కటే ఆపి చూడాలి. చాలకపోతే జనరేటర్ ఎక్కడ నిలపాలో, అక్కడినుంచి కేబుల్ ఎన్ని మీటర్లు పడుతుందో అప్పుడే కొలుచుకోవాలి.

ఒక్క రెక్కీకే డబ్బుంటే మొదటి ముగ్గురితో పాటు సౌండ్ రికార్డిస్టునూ హెడ్ లైట్‌మన్‌నూ తీసుకెళ్ళండి. ఆర్ట్ డైరెక్టర్ కొలతలతో, ఫొటోలతో చాలావరకు నెట్టుకురాగలరు. రెండో విడత మాత్రం షూటింగ్‌కి కనీసం వారం ముందు పెట్టుకోవాలి. ముందురోజు వెళ్తే మోటారు చప్పుడు వినపడినా ఇంకో ఇల్లు వెతుక్కునే వ్యవధి ఉండదు.