పవర్‌టాప్: నిద్రపోని పరికరాన్ని పట్టిచ్చే పనిముట్టు

లినక్స్ ల్యాప్‌టాప్‌ను ఏ పనీ చేయకుండా ఊరికే ఉంచినా బ్యాటరీ గబగబా తరిగిపోతున్నదని వాపోయేవారు చాలామంది ఉన్నారు. వేసవిలో మా వీధిలో కరెంటు పోయిన రోజుల్లో నేనూ ఆ బాధ పడ్డాను. తప్పును తెర వెలుగు మీదికో బ్రౌజర్ మీదికో నెట్టి ఊరుకోకుండా, యంత్రం లోపల ఏ పరికరం మేలుకొని ఉన్నదో స్వయంగా చూడాలనుకునేవారికి పవర్‌టాప్ అనే ప్రోగ్రామును మించిన పనిముట్టు నాకు ఇంతవరకు కనబడలేదు. అయితే దాన్ని ఎక్కువమంది వాడుతున్న పద్ధతి సరైనది కాదని నా గట్టి అభిప్రాయం.

ఇంటెల్ సంస్థ 2007లో దీన్ని విడుదల చేసింది. అంతకు ముందు లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని టైమర్, పని ఉన్నా లేకపోయినా, ప్రాసెసర్‌ను సెకనుకు 100 నుంచి 1000 సార్లు తట్టి లేపుతూ ఉండేది. ఆ ఏడాదే వచ్చిన 2.6.21 కెర్నెల్‌లో, పని లేనప్పుడు టైమర్ తట్టే ఆ టిక్కును ఆపివేసే ఏర్పాటు చేరడంతో ప్రాసెసర్‌కు ఎక్కువసేపు నిద్రపోయే వీలు దొరికింది. దొరికిన వెంటనే, ఆ నిద్రను పదేపదే చెడగొడుతున్న ప్రోగ్రాములు బయటపడ్డాయి. వాటి పేర్లు వరుసగా చూపించడమే తొలినాటి పవర్‌టాప్ పని. ఆ తరువాత 2009 చివరలో వచ్చిన 2.6.32 కెర్నెల్‌లో, ప్రధానంగా రాఫెల్ విసోట్స్కీ రూపొందించిన రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ వ్యవస్థ, అంటే యంత్రం నడుస్తుండగానే వాడని పరికరాలను నిద్రపుచ్చే ఏర్పాటు, చేరింది. 2012లో వచ్చిన పవర్‌టాప్ 2.0 నుంచి పరికరాల సంగతి కూడా ఇందులో వివరంగా కనిపిస్తున్నది. నాకు దీని అసలు విలువ అక్కడే ఉన్నది.

ఈ విలువ తెలియాలంటే కెర్నెల్ పరికరాలను ఎలా నిద్రపుచ్చుతుందో కొంచెం చెప్పుకోవాలి. ప్రతి పరికరానికీ కెర్నెల్ ఒక లెక్క పెట్టుకుంటుంది. ఎవరైనా ఆ పరికరాన్ని వాడడం మొదలుపెడితే, దాన్ని నడిపే ప్రోగ్రామైన డ్రైవర్ ఆ లెక్కను ఒకటి పెంచుతుంది, పని అయిపోగానే ఒకటి తగ్గిస్తుంది. లెక్క సున్నాకు చేరిన తరువాత, మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు ఆగి, ఎవరూ రాకపోతే పరికరాన్ని తక్కువ కరెంటు తీసుకునే స్థితికి పంపుతుంది. యూఎస్‌బీ పరికరాలకు ఆ గడువు మామూలుగా 2 సెకన్లు. ఇక్కడ గమనించవలసిన విషయం, పరికరాలు ఒకదాని కింద ఒకటి చెట్టు కొమ్మల్లా అమరి ఉంటాయి. ఇంట్లో చివరి మనిషి పడుకునేదాకా నడవలో దీపం ఆర్పనట్టే, కింద ఉన్న ఒక్క పరికరం మేలుకొని ఉన్నా దాని పైనున్న హబ్ (పలు పరికరాలను కలిపే కూడలి) నిద్రపోదు, హబ్ పైనున్న కంట్రోలర్ (వాటన్నిటినీ నడిపే చిప్) నిద్రపోదు. దాని ప్రభావం చివరకు ప్రాసెసర్ మొత్తం చేరవలసిన లోతైన నిద్ర స్థితుల మీద కూడా పడవచ్చు. అందుకే, తాను స్వయంగా ఏమంత కరెంటు తాగని చిన్న పరికరం కూడా మొత్తం మీద పెద్ద నష్టం తెచ్చిపెట్టగలదు.

నా ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఛార్జర్ తీసేసి, రూట్ (నిర్వాహకుడి) అనుమతితో టెర్మినల్‌లో పవర్‌టాప్ తెరిచి, ట్యాబ్ మీట నొక్కుతూ ఐడిల్ స్టాట్స్ పేజీకి వెళ్లి చూస్తే, ప్రాసెసర్ కోర్‌లు ఒక్కొక్కటిగా లోతుగానే నిద్రపోతున్నాయి గానీ, ప్రాసెసర్ మొత్తాన్ని చూపే ప్యాకేజీ వరుసలో మాత్రం లోతైన స్థితులన్నిటి ఎదుటా సున్నాలే ఉన్నాయి. డివైస్ స్టాట్స్ పేజీకి వెళితే, నేను ఒక్కసారి కూడా వేలు పెట్టని వేలిముద్ర రీడర్ పక్కన 100 శాతం అని కనబడింది. అంటే అది ఒక్క క్షణం కూడా కునుకు తీయలేదు. ట్యూనబుల్స్ (మార్చదగిన అమరికల) పేజీలో ఆ పరికరం వరుస మీద ఎంటర్ నొక్కగానే 'బ్యాడ్' అన్న మాట 'గుడ్' అయింది, తెర పై భాగంలో తాను నడిపిన ఆదేశం అక్షరం పొల్లుపోకుండా కనిపించింది: ఆ పరికరానికి సంబంధించిన పవర్ ఫోల్డర్‌లోని కంట్రోల్ అనే ఫైల్‌లో 'ఆన్' బదులు 'ఆటో' అని రాయడం, అంతే. కాసేపటికి అదే ఫోల్డర్‌లోని రన్‌టైమ్ స్టేటస్ ఫైల్ తెరిచి చూస్తే 'సస్పెండెడ్' అని ఉంది. ప్యాకేజీ వరుసలో సున్నాలు పోయి అంకెలు వచ్చాయి. ఖాళీగా ఉన్నప్పుడు 7 వాట్ల దగ్గర ఉన్న బ్యాటరీ వాడకం 6కు కొంచెం పైన స్థిరపడింది. తాను చేసిన పనిని దాచకుండా ఆదేశంతో సహా చూపించడం నేను ఈ పనిముట్టులో అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునే గుణం, ఎందుకంటే ఆ ఒక్క వరుస చదివి కెర్నెల్ లోపలి ఏర్పాటును నేర్చుకోవచ్చు.

ఇక నేను ఒప్పుకోలేని పద్ధతి ఆటో ట్యూన్. ఆ ఐచ్ఛికంతో నడిపితే పవర్‌టాప్ ట్యూనబుల్స్ అన్నిటినీ ఒకేసారి 'గుడ్' వైపు తిప్పుతుంది, అందులో యూఎస్‌బీ మౌస్ కూడా ఉంటుంది. రెండు సెకన్లు కదపకపోతే మౌస్ నిద్రపోతుంది. చాలా మౌస్‌లు ఆ తరువాత ఊరికే కదిపితే లేవవు, మీట నొక్కాలి. ఇది చిన్న చిరాకే అనుకున్నా, కొన్ని పరికరాలతో వచ్చే ఇబ్బంది ఇంతకంటే పెద్దది. నా దగ్గరున్న ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ నిద్రలోకి వెళ్లాక తిరిగి లేవలేదు; కెర్నెల్ లాగ్‌లో డిస్క్రిప్టర్ (పరికరం తన గురించి తాను చెప్పే వివరం) చదవలేకపోయినట్టు వరుసగా దోషాలు నమోదయ్యాయి, ఊడదీసి మళ్లీ పెడితే తప్ప పని చేయలేదు. తయారీదారులు నిద్ర, మెలకువల సంగతి సరిగా పరీక్షించకుండా వదిలేసిన ఇలాంటి పరికరాలు ఎన్నో ఉన్నందువల్లనే, హబ్‌ల వంటి కొన్నిటిని మినహాయించి, మిగిలిన యూఎస్‌బీ పరికరాలకు కెర్నెల్ మొదట 'ఆన్' అనే పెడుతుంది. తిక్క పరికరాల కోసం కెర్నెల్‌లో వేరే పట్టికే ఉన్నది. కాబట్టి 'బ్యాడ్' అన్న మాటను తీర్పుగా తీసుకోకూడదు. ఆ అమరిక కరెంటు ఆదా వైపు లేదన్నంత వరకే దాని అర్థం. ఆ మాటలను మార్చి ఉంటే ఎంతోమందికి ఈ పొరపాటు తప్పేది.

పరికరాల పక్కన చూపించే వాట్ల అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అవి మీటరు పెట్టి కొలిచినవి కావు, బ్యాటరీ తరిగే వేగాన్నీ పరికరాల వాడకాన్నీ పోల్చి కట్టిన అంచనాలు. పవర్‌టాప్‌ను క్యాలిబ్రేట్ చేసి (కొలతలు సరిచేయించి), చాలాసేపు బ్యాటరీ మీద నడిపితే అవి కొంత మెరుగవుతాయి. ఛార్జర్ పెట్టి ఉంటే ఆ అంచనాలే కనబడవు. అంకెను పక్కన పెట్టి, ఏది ముందు ఏది వెనక అన్న వరుసను మాత్రమే నేను పట్టించుకుంటాను.

మూత మూసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ తెల్లారేసరికి ఖాళీ అయిపోతుంటే పవర్‌టాప్ పెద్దగా ఉపయోగపడదు. అది వ్యవస్థ మొత్తం నిద్రపోయే సంగతి. దానికి ముందుగా కెర్నెల్‌లో మెమ్ స్లీప్ అనే అమరిక 'ఎస్2ఐడిల్' (తేలిక నిద్ర) మీద ఉన్నదా 'డీప్' (లోతైన నిద్ర) మీద ఉన్నదా చూసుకోవాలి. నిద్రలోకి వెళ్లేటప్పుడూ లేచేటప్పుడూ ఏ డ్రైవర్ ఎంతసేపు తీసుకుంటున్నదో తెలియాలంటే కెర్నెల్ సోర్స్ కోడ్‌తోపాటే దొరికే స్లీప్‌గ్రాఫ్ వాడాలి.

పవర్‌టాప్ ఉచితం, డెబియన్, ఉబుంటు, ఫెడోరా అనే లినక్స్ రకాల సాఫ్ట్‌వేర్ భాండాగారాలన్నిటిలో దొరుకుతుంది. అందులో చేసిన మార్పులు మెషిన్ రీస్టార్ట్ చేయగానే పోతాయి గనుక, నచ్చిన మార్పును యుడెవ్ (పరికరం కనబడగానే అమరికలు వర్తింపజేసే లినక్స్ భాగం) నియమంగా రాసుకోవాలి, లేదా కరెంటు ఆదా చూసుకునే టీఎల్‌పీ అనే ప్రోగ్రాముకు అప్పగించాలి. మౌస్, కీబోర్డు వంటి వాటిని టీఎల్‌పీ తనంతట తానే మినహాయిస్తుంది కాబట్టి, ఫైళ్ల జోలికి వెళ్లడం ఇష్టం లేనివారికి నేను దాన్నే సూచిస్తాను. నా మటుకు నేను ఒకసారికి ఒకే పరికరాన్ని 'ఆటో'కు మార్చి, ఒక రోజంతా వాడి చూసి, ఇబ్బంది లేదనుకున్నాకే నియమం రాస్తాను. ఇప్పటికి వేలిముద్ర రీడర్‌కు ఒకటి, కెమెరాకు ఒకటి రాశాను. వైఫై అడాప్టర్‌ను 'ఆన్' మీదనే వదిలేసి, వాడనప్పుడు ఊడదీసి పక్కన పెడుతున్నాను.