జాగ్రత్త: కొత్త ఎస్ఎస్‌డీలో పార్టిషన్ టేబుల్ ఎర్రర్ వస్తే ముందు డిస్కునే అనుమానించండి

పేరు ఎప్పుడూ వినని బ్రాండ్ 2 టీబీ సాటా ఎస్ఎస్‌డీ (కంప్యూటర్‌లో సాటా కేబుల్‌కి తగిలించే స్టోరేజ్ డిస్కు) ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ఆలోచనలో ఎవరైనా ఉంటే కాస్త ఆగి ఇది చదవండి. నాకొచ్చింది నకిలీది. పాడైన పీస్ కాదు, లోపల 120 జీబీ దగ్గర మాత్రమే మెమరీ పెట్టి, కంప్యూటర్‌కి 2 టీబీ అని చెప్పేలా ఫర్మ్‌వేర్ (డిస్కు లోపల నడిచే ప్రోగ్రాం) మార్చేసిన సరుకు. సెల్లర్ మాత్రం చివరిదాకా "అది పార్టిషన్ ప్రాబ్లం అండి, జీపీటీకి కన్వర్ట్ చేయండి, బయోస్ సెట్టింగ్ చూసుకోండి" అని ఒకటే పాట. (పార్టిషన్ అంటే డిస్కులో విడగొట్టిన భాగం, ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పట్టిక పార్టిషన్ టేబుల్, దాన్ని రాసే కొత్త పద్ధతి జీపీటీ.) రిటర్న్ గడువు అయిపోయేదాకా మనల్ని ఫార్మాట్ల చుట్టూ తిప్పడమే వాళ్ల ప్లాన్ అని నాకైతే గట్టి డౌటు.

విండోస్ పెడదామని డ్రైవ్ సెలెక్ట్ చేస్తే కొత్త పార్టిషన్ క్రియేట్ చేయడం కుదర్లేదు, ఉన్నదీ దొరకలేదు అని మెసేజ్. ఇది వచ్చినంత మాత్రాన డిస్కు నకిలీ అనుకోకండి, పాత టేబుల్ తాలూకు చెత్త మిగిలున్నా, ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉన్నా మంచి డిస్కుల్లోనూ వస్తుంది. అందుకే అందరూ చేసేదే చేశా, షిఫ్ట్ ఎఫ్10 కొట్టి డిస్క్‌పార్ట్ (విండోస్‌లోనే ఉండే డిస్కు టూల్) తెరిచి, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్, కన్వర్ట్ జీపీటీ. అన్నట్టు సెలెక్ట్ చేసే ముందు సైజు చూసి నంబర్ ఖాయం చేసుకోండి, క్లీన్ కొడితే ఇంకోసారి అడగడం ఉండదు, తుడిచేస్తుంది అంతే.

ఇన్‌స్టాల్ అయింది, బూట్ కూడా అయింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 1863 జీబీ అని చూపించింది. ఈ తేడా మోసం కాదు, కంపెనీలు వెయ్యితో లెక్కేస్తాయి, విండోస్ 1024తో లెక్కేస్తుంది, దీని కోసం సెల్లర్ మీద పడకండి. అసలు కథ ఫోటోలు కాపీ చేశాక మొదలైంది. మొదట్లో ఎక్కించినవన్నీ తెరుచుకుంటున్నాయి, తర్వాతవాటికి పేరుంది, సైజుంది, తేదీ ఉంది, తెరిస్తే మాత్రం లోపల అన్నీ సున్నాలే. కాపీ అయ్యేటప్పుడు ఒక్క ఎర్రర్ రాలేదు చూడండి, అదీ దీని దరిద్రం. ఒరిజినల్స్ పాత డిస్కులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అప్పుడు లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి జీడిస్క్ అనే పార్టిషన్ టూల్‌తో చూస్తే మెయిన్ జీపీటీ హెడర్ (టేబుల్ వివరాలుండే మొదటి భాగం) బాగానే ఉంది, బ్యాకప్ హెడర్ మాత్రం చెల్లదు అంది. దొంగ దొరికింది ఇక్కడే. పాత ఎంబీఆర్ పద్ధతిలో టేబుల్ మొత్తం మొదటి 512 బైట్ల సెక్టార్లోనే (సెక్టార్ అంటే డిస్కులో ఒక చిన్న గడి) ఉంటుంది, అందులో పార్టిషన్లకి 64 బైట్లు, నాలుగు ఎంట్రీలు, కాపీ గీపీ ఏమీ లేదు. జీపీటీ అలా కాదు, ముందు ఒక సెట్టు రాసి, డిస్కు చిట్టచివర 33 సెక్టార్లలో ఇంకో సెట్టు దాస్తుంది. 2 టీబీ డిస్కుకి మామూలుగా 3,907,029,168 సెక్టార్లు ఉంటాయి, నా దాంట్లో ఆ చివర అనేదే లేదు. పన్నెండు గదుల లాడ్జిలో కౌంటర్ దగ్గర రెండొందల తాళంచెవులు వేలాడదీసినట్టు అన్నమాట, ఏ నంబర్ అడిగినా తాళం ఇస్తారు, వెళ్లి చూస్తే గది ఉండదు. ఫర్మ్‌వేర్ కూడా రాశాను అని చెప్పి డేటా పారేస్తుంది.

ఇంకో సంగతి, ఆ ఎస్ఎస్‌డీ ప్యాకెట్లోంచి తీసేసరికే ఎంబీఆర్‌తో ఫార్మాట్ అయి ఉంది. ఇంటర్నల్ ఎస్ఎస్‌డీలు మామూలుగా ఇనిషియలైజ్ కాకుండా (ఏ టేబులూ రాయకుండా) ఖాళీగా వస్తాయి. కావాలని చేశారో లేదో గానీ ఎంబీఆర్‌లో చివర రాసే టేబుల్ కాపీ లేదు కాబట్టి గుట్టు అంత త్వరగా బయటపడదు.

ఇక్కడ తొందరపడి ఎవర్నీ తిట్టకండి, బ్యాకప్ హెడర్ గొడవ మంచి డిస్కుకీ రావచ్చు. చిన్న డిస్కుని పెద్ద డిస్కులోకి క్లోన్ చేస్తే (ఉన్నదున్నట్టు కాపీ చేస్తే) బ్యాకప్ పాత చోటే, అంటే మధ్యలో ఉండిపోతుంది. డిస్కు పెట్టుకునే కొన్ని యూఎస్‌బీ డబ్బాలు సెక్టార్ సైజు 4096గా చూపిస్తాయి, అందులో పార్టిషన్ చేసి తర్వాత డైరెక్ట్‌గా సాటాకి తగిలిస్తే టేబుల్ మొత్తం అర్థం కాకుండా పోతుంది. తేడా కనిపెట్టడం తేలికే. జీడిస్క్‌లో డబ్ల్యూ కొట్టి టేబుల్ మళ్లీ రాయించండి, సిస్టమ్ పూర్తిగా ఆఫ్ చేసి (రీస్టార్ట్ చాలదు, క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) ఉన్నది చూపించి మభ్యపెట్టొచ్చు) మళ్లీ చూడండి. క్లోన్ కేసు అయితే ఒక్కసారి సరిచేస్తే అలాగే ఉంటుంది. నాది ఎన్నిసార్లు రాయించినా పవర్ తీసి పెట్టగానే మళ్లీ అదే ఎర్రర్.

ఇంకో రకం నకిలీ ఉంది, అది ఇంకా ఘోరం. అసలు కెపాసిటీ దాటగానే రాసింది తిరిగి మొదటి సెక్టార్ల మీదకే వచ్చి పడుతుంది. వారం పాటు అంతా బాగుండి, డేటా పెరిగాక ఒకరోజు పార్టిషన్ టేబులే మాయమై బూట్ డివైస్ లేదు అంటుంది. జనం మళ్లీ ఓఎస్ వేసుకుని వాడుతుంటారు పాపం.

ఓఎస్ వేయకముందే, ఖాళీ డిస్కు మీదే టెస్ట్ చేసేయండి. లైనక్స్‌లో ఎఫ్3ప్రోబ్ (అసలు కెపాసిటీ తేల్చే ప్రోగ్రాం), సాటా నుంచి యూఎస్‌బీ అడాప్టర్‌తో గుచ్చి, డిస్ట్రక్టివ్ (డిస్కులో ఉన్నది చెరిపేసే) ఆప్షన్‌తో నడిపితే త్వరగా తేల్చేస్తుంది, నాదాన్ని "లింబో" రకం (రాసినట్టు నటించి డేటా పారేసే) నకిలీ అని చెప్పి అసలు వాడుకోగల సైజు కూడా ఇచ్చింది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, డిస్కంతా నింపి చదివి చూస్తుంది కాబట్టి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. క్విక్ ఫార్మాట్ నమ్మొద్దు. స్మార్ట్ రిపోర్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చేది) కూడా నమ్మొద్దు, అది చెప్పేదీ ఆ ఫర్మ్‌వేరే. బరువు తక్కువ ఉంది కాబట్టి నకిలీ అనడం కూడా తప్పే, మంచి సాటా ఎస్ఎస్‌డీల పెట్టెలో కూడా సగం ఖాళీయే. ఎఫ్3ఫిక్స్‌తో అసలు సైజు వరకే పార్టిషన్ చేసి వాడుకోవచ్చని కొందరంటారు, ఇంత పచ్చి అబద్ధం చెప్పిన చిప్ మీద నేనైతే ఒక్క ఫైల్ కూడా పెట్టను.

రిటర్న్ పెట్టేటప్పుడు కారణం దగ్గర "పనిచేయడం లేదు" అని కాకుండా "చెప్పిన కెపాసిటీ లేదు, వివరణకి సరిపోలేదు" అన్న ఆప్షన్ ఎంచుకోండి, లేకపోతే టెక్ సపోర్ట్ అంటూ మళ్లీ జీపీటీ పాఠం మొదలెడతారు. ఎఫ్3ప్రోబ్ స్క్రీన్‌షాట్, డిస్కు లేబుల్ ఫోటో కలిపి పంపండి. నాకు సగం డబ్బు ఇస్తాం, డిస్కు మీ దగ్గరే ఉంచుకోండి అని ఆఫర్ ఇచ్చారు, ఒప్పుకోలేదు. పంపే ముందు డిస్క్‌పార్ట్‌లో క్లీన్ ఆల్ కొట్టండి, ఉత్త క్లీన్ టేబుల్‌నే తీస్తుంది, ఆ 120 జీబీలో పడ్డ మీ ఫోటోలు అలాగే వెళ్లిపోతాయి.