2,400 డాలర్లు కట్టి మా అమ్మాయి కాలేజ్ చాన్సెస్ చెప్పించుకున్నాం, దాని రివ్యూ

మా అమ్మాయి 2024 ఫాల్‌లో సీనియర్, అంటే హైస్కూల్ ఆఖరి ఏడాది. ఆగస్టు 1న కామన్ యాప్ (చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే సైట్) ఓపెనయింది, ఇంట్లో టెన్షన్ అంతకుముందే మొదలైంది, మా వారికి ఆఫీసులో ఎవరో చెప్తే ఒక కౌన్సెలింగ్ సర్వీస్ తీసుకున్నాం. పేరు రాయను, మీరు వేరే ఏది తీసుకున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే. ప్యాకేజీ 2,400 డాలర్లు, అందులో రెండున్నాయి. ఒకటి చాన్సెస్ రిపోర్ట్, అంటే పిల్ల వివరాలన్నీ ఎక్కిస్తే ఏ కాలేజీలో ఎంత శాతం చాన్స్ ఉందో చెప్తుంది. రెండోది ఒక కౌన్సెలర్‌తో 8 గంటలు ఎస్సేల మీద కూర్చోవడం. ఈ రెండింటికీ నా అభిప్రాయం పూర్తిగా వేరు, అందుకే విడివిడిగా రాస్తున్నా.

మాది టెక్సస్, పబ్లిక్ హైస్కూల్. అమ్మాయి క్లాసులో టాప్ 4 శాతంలో ఉంది, ఎస్‌ఏటీ అనే అడ్మిషన్ పరీక్షలో 1530, 11 ఏపీలు (హైస్కూల్లోనే చదివే కాలేజ్ స్థాయి కోర్సులు), రోబోటిక్స్ టీమ్, ఆదివారాలు మనబడి అనే తెలుగు స్కూల్లో చిన్నపిల్లలకి తెలుగు చెప్తుంది. మేజర్, అంటే కాలేజీలో చదవాలనుకునే ముఖ్య సబ్జెక్ట్, కంప్యూటర్ సైన్స్ (సీఎస్). ఇవన్నీ ఫారంలో నింపితే రెండ్రోజుల్లో రిపోర్ట్ వచ్చింది, ఆకుపచ్చ పసుపు ఎరుపు రంగులు, పక్కన శాతాలు. ఎంఐటీకి 6.3 అని ఉంది. ఆ ముందటేడు ఎంఐటీకి 28,232 మంది అప్లై చేస్తే 1,275 మందిని తీసుకున్నారు, అంటే దాదాపు నాలుగున్నర శాతం, సో మనమ్మాయి యావరేజ్ కంటే పైనే ఉంది అనుకుని ఆ రాత్రి ఇద్దరం చాలా సంతోషపడ్డాం. తర్వాత అమ్మాయే అడిగింది, అమ్మా నేను ఎస్సే ఇంకా మొదలే పెట్టలేదు, రెక్ లెటర్లు (సిఫార్సు ఉత్తరాలు) టీచర్లని అడగనే లేదు, మరి వీళ్ళకి ఆ పాయింట్ మూడు ఎక్కడ్నించి వచ్చింది అని. నా దగ్గర జవాబు లేదు. సపోర్ట్‌కి మెయిల్ పెడితే "మా మోడల్ పాత స్టూడెంట్స్ డేటా మీద నడుస్తుంది" అన్నారు. ఎవరా పాత స్టూడెంట్స్ అంటే వాళ్ళంతట వాళ్ళే వచ్చి రిజల్ట్ నింపినవాళ్ళు. సీటొచ్చినవాళ్ళు నింపినంత ఉత్సాహంగా రానివాళ్ళు నింపరు కదా, ఆ ఒక్క ముక్కతోనే నాకు ఆ అంకెల మీద నమ్మకం సగం పోయింది.

అసలు కోపం యూటీ ఆస్టిన్ విషయంలో వచ్చింది, టెక్సస్ వాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. రిపోర్ట్‌లో యూటీ ఆస్టిన్ 94 శాతం, ఆకుపచ్చ, సేఫ్టీ (సీటు దాదాపు ఖాయమనుకునే కాలేజీ) అని ఉంది. మా అమ్మాయి బ్యాచ్‌కి టాప్ 6 శాతంలో ఉంటే ఆటోమేటిక్ అడ్మిషన్ (2026 ఫాల్‌లో చేరేవాళ్ళ నుంచి అది 5 శాతం అయింది), కాబట్టి యూనివర్సిటీలో సీటు అనే లెక్క వరకు కరెక్టే. కానీ ఆ ఆటో అడ్మిట్ యూనివర్సిటీకే, మేజర్‌కి కాదు! కంప్యూటర్ సైన్స్‌కి మళ్ళీ వేరేగా చూస్తారు, ఎస్సేలు రెజ్యుమే అన్నీ చదువుతారు, అక్కడ పోటీ వేరే లెవెల్. ఫారంలో మేజర్ అడిగారు, మేం సీఎస్ అనే నింపాం, అయినా 94 అని ఇచ్చారు. అక్టోబర్‌లో స్కూల్ కౌన్సెలర్ గారు అయిదు నిమిషాలు మాట్లాడి ఈ సంగతి చెప్తేగానీ మాకు తెలీలేదు, ఆవిడకి మేం కట్టింది సున్నా. ఆవిడ చెప్పకపోతే సీఎస్‌కి యూటీ సేఫ్టీ అనుకుని వేరే సేఫ్టీలే పెట్టుకునేవాళ్ళం కాదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో అప్పట్లో పద్ధతి ఇంకోటి, ఇంజనీరింగ్‌లో ముందు జనరల్‌గా చేర్చుకుని ఫస్ట్ ఇయర్ గ్రేడ్లని బట్టి బ్రాంచ్ ఇచ్చేవాళ్ళు, జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.75 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే కోరుకున్నది దొరికేది. రిపోర్ట్‌లో ఇదీ లేదు. మన పిల్లల్లో ఎంతమంది సీఎస్ అంటారో తెలిసి కూడా కాలేజీకి ఒకటే అంకె ఇవ్వడం చాలా పెద్ద తప్పు, దీన్ని నేను చిన్న లోపంగా తీసుకోలేను.

ఇంకోటి. రిపోర్ట్ చివర "డెమోగ్రాఫిక్ అడ్జస్ట్‌మెంట్" అని ఒక లైను, ఏషియన్ కాబట్టి కొంత తగ్గించారు. హార్వర్డ్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు 2023 జూన్ 29న వచ్చింది, ఆ తర్వాత అడ్మిషన్లలో రేస్‌ని (జాతిని) లెక్కలోకి తీసుకోకూడదు. మరి ఏడాది దాటాక పదిహేడేళ్ళ పిల్లకి ఆ లైను చూపించడం ఎందుకు? మా అమ్మాయి అది చదివి మనబడి సంగతి యాప్‌లో రాయనంది, తెలుగుదాన్నని తెలిస్తే నష్టమేమో అని. ఆ మాట విని నాకు కడుపు తరుక్కుపోయింది, నాలుగేళ్ళు ఆదివారాలు పోయి పిల్లలకి గుణింతాలు దిద్దించిన పిల్ల అది.

ఇక లిస్టు పొడుగు గురించి. సేల్స్ అతను ఫోన్లో ఏమన్నాడంటే ఒక్కోదానిలో 6 శాతమే అయినా 12 రీచ్‌లకి (సీటు రావడం బాగా కష్టమైన కాలేజీలకి) అప్లై చేస్తే ఎక్కడో ఒకచోట రావడానికి సగం పైన చాన్స్ అండి అన్నాడు. కాలిక్యులేటర్‌లో కొడితే నిజంగానే 52 వస్తుంది. కానీ అది పాచికలేస్తే వచ్చే లెక్క, ఒకసారి వేసినదానికీ ఇంకోసారి వేసినదానికీ సంబంధం లేనప్పుడు. ఇక్కడ 12 చోట్లకీ వెళ్ళేది అదే ట్రాన్స్‌క్రిప్ట్, అవే రెక్ లెటర్లు, అదే మెయిన్ ఎస్సే. ఒకచోట ఫైల్ చప్పగా అనిపిస్తే పదకొండు చోట్ల కూడా అలాగే అనిపించొచ్చు. మేం 7 రీచ్‌ల దగ్గర ఆపాం, ఒక్కో కాలేజీ విడిగా అడిగే సప్లిమెంట్ ఎస్సేలు రాయలేక పిల్ల నిద్ర మానేస్తోంది.

ఇప్పుడు మంచి విషయం, ఎందుకంటే ఆ 8 గంటలకి నేను నిజంగా థాంక్స్ చెప్పుకోవాలి. కౌన్సెలర్ చాలా నెమ్మదస్తురాలు, రిపోర్ట్‌ని అసలు తెరవలేదు. మొదటి గంటంతా అమ్మాయిని మాట్లాడించింది. రోబోటిక్స్ మీద రాసిన ఎస్సే పక్కన పెట్టించి, మనబడిలో ఒక బాబు నెలల తరబడి నోరు విప్పకుండా కూర్చుని ఒకరోజు వాళ్ళ నానమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడానని వచ్చి చెప్పిన సంగతి రాయించింది. ఒక్క వాక్యం కూడా తను రాయలేదు, ప్రశ్నలే వేసింది. ఆ ఎస్సే చదివితే అందులో మా అమ్మాయి గొంతు వినిపించింది. ఈ గంటలు విడిగా అమ్మితే మళ్ళీ కొంటాను.

చాన్సెస్ అంచనాకి మాత్రం డబ్బు పెట్టక్కర్లేదు. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక డాక్యుమెంట్ పెడతాయి, కాలేజ్ పేరుతో కలిపి వెతకండి. అందులో సీ7 అనే టేబుల్‌లో వాళ్ళు దేనికి ఎంత విలువ ఇస్తారో ఉంటుంది, గ్రేడ్లు, ఎస్సే, లెగసీ (ఇంట్లోవాళ్ళు అక్కడే చదివుండటం), కాలేజ్ మీద మనం చూపించే ఇంట్రెస్ట్ అన్నీ వరసగా. సీ9లో ఎస్‌ఏటీ స్కోర్లు, అయితే టెస్ట్ ఆప్షనల్ (స్కోర్ పంపడం మన ఇష్టం) కాలేజీల్లో బాగా వచ్చినవాళ్ళే స్కోర్ పంపుతారు కాబట్టి ఆ రేంజ్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, చూసి బెంగపడకండి. సీ21లో ఎర్లీ డెసిషన్ (ఈడీ), అంటే ఒక కాలేజీకి ముందుగా అప్లై చేసే పద్ధతి, దాని లెక్కలు. ఎర్లీలో శాతం ఎక్కువ కనిపిస్తుంది కానీ కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆథ్లెట్లు చాలామంది అందులోనే ఉంటారు, పైగా ఈడీ అంటే వస్తే చేరాల్సిందే, కాబట్టి ముందు కాలేజ్ సైట్లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ నింపి ఫీజు భరించగలమా లేదా చూసుకోండి. స్కూల్లో నేవియాన్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే మీ స్కూల్ నుంచే ఏ జీపీఏ, ఏ స్కోర్ వాళ్ళకి ఎక్కడ వచ్చిందో చుక్కల గ్రాఫ్ కనిపిస్తుంది, నాకు అన్నిటికంటే నమ్మకంగా అనిపించింది అదే.

మాకేమైందంటే యూటీ ఆస్టిన్ సీటు వచ్చింది, సీఎస్ రాలేదు. 7 రీచ్‌లలో ఆరు నో, ఒకటి వెయిట్‌లిస్ట్. యూటీ డల్లాస్‌లో సీఎస్, స్కాలర్‌షిప్‌తో వచ్చింది, అది అక్టోబర్‌లో స్కూల్ కౌన్సెలర్ గారి మాట విన్నాక పెట్టిన అప్లికేషన్. ఇప్పుడు అక్కడే చదువుతోంది, బావుంది.

మేలో ఆ సర్వీస్ నుంచి మెయిల్ వచ్చింది, మీ రిజల్ట్స్ మా డేటాలో నింపండి అని. కూర్చుని అన్నీ నింపాను, ఆరు నోలు, వెయిట్‌లిస్ట్ అన్నీ. యూటీ ఆస్టిన్ దగ్గర ఆప్షన్లు రెండే ఉన్నాయి, అడ్మిటెడ్, డినైడ్. మేజర్‌కి గడి లేదు. కామెంట్స్‌లో "సీఎస్ రాలేదు, దీనికి వేరే గడి పెట్టండి, ఆ 94 తీసేయండి" అని రాసి పంపాను.