మాలిక్యులర్ మోడల్ కిట్ ఏళ్ల తరబడి వాడాక: బయాలజీ పిల్లలకి ఎంతవరకు పనికొస్తుంది

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి డిగ్రీకో నర్సింగ్‌కో వచ్చిన మన పిల్లలకి సాయంత్రాలు ఇంట్లో బయోకెమిస్ట్రీ బేసిక్స్ చెప్తుంటా. అందరూ ఇంటర్‌లో బైపీసీ చదివొచ్చినోళ్లే, ఫార్ములాలు గడగడా అప్పజెప్తారు, కానీ ఆ అణువు ఏ ఆకారంలో ఉంటుందో అడిగితే బల్లపరుపుగా కాగితం మీద గీసిందే చూపిస్తారు. అందుకే చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ల్యాబ్ సామాను అమ్మే కొట్లో ఈ బంతులూ పుల్లల కిట్ కొన్నా. నల్లది కార్బన్, ఎర్రది ఆక్సిజన్, నీలం నైట్రోజన్, తెల్లది హైడ్రోజన్, అన్ని చోట్లా దాదాపు ఇవే రంగులు.

దీని వల్ల బాగా లాభపడింది కొవ్వుల పాఠం. కొవ్వుల్లో ఉండే స్టియరిక్ ఆసిడ్, ఒలీక్ ఆసిడ్ రెండిట్లోనూ 18 కార్బన్లే, కానీ స్టియరిక్ 69 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది, ఒలీక్ 13 డిగ్రీలకే కరిగిపోద్ది, ఎందుకు? హైడ్రోజన్లు పెట్టకుండా ఉత్త కార్బన్ల వరసే కట్టమంటా (పెడితే ఒక్క ఒలీక్‌కే 34 కావాలి, ఏ చిన్న కిట్‌లోనూ అన్ని రావు). స్టియరిక్ వరసలు రెండు కడితే టేబుల్ మీద ఒకదానికొకటి ఆనుకుని చక్కగా పడుకుంటాయి. ఒలీక్‌లో 9, 10 కార్బన్ల మధ్య వంగే పుల్లలు రెండు పెట్టి సిస్ డబుల్ బాండ్ (అటూ ఇటూ గొలుసు ఒకే పక్కకి ఉండేది) చేస్తే అక్కడ మోచేయిలా వంపు వస్తుంది, ఇక పక్కదాన్ని ఎంత దగ్గరికి జరిపినా మధ్యలో సందు ఉండనే ఉంటుంది, అందుకే తక్కువ వేడికే కరిగిపోద్ది. పోయినేడాది ఒకమ్మాయి ఆ డబుల్ బాండ్ దగ్గర పట్టుకుని మెలితిప్పడానికి చూసి "అక్కా, ఇది తిరగట్లేదు, ఊడదీసి పెడితేనే అవుద్ది" అంది. అంతే, సిస్, ట్రాన్స్ తేడా అక్కడే అర్థమైపోయింది. ఊడదీసి ట్రాన్స్‌లో, అంటే గొలుసు ఎదురెదురు పక్కలకి ఉండేలా పెడితే మళ్లీ తిన్నగా అవుతుంది, పాత పద్ధతి వనస్పతి గడ్డకట్టడానికి ఇదీ ఒక కారణం అని అక్కడే చెప్పేశా. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలూ కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని రూల్ వచ్చింది కదా, ఆ రూల్ వెనకున్న కెమిస్ట్రీ పిల్లల చేతుల్లోనే ఉంటుంది.

గ్లూకోజ్ కూడా బాగుంటుంది. ఆల్ఫా, బీటా రెండూ కట్టి ఒకటో కార్బన్ మీద ఓహెచ్ ఎటు ఉందో చూపిస్తే, అన్నంలోని పిండిపదార్థం (ఆల్ఫా) మనకి అరిగి, గడ్డిలోని సెల్యులోజ్ (బీటా) ఎందుకు అరగదో చెప్పడం తేలిక. అలనైన్ అనే అమైనో ఆసిడ్‌కి అద్దంలో బొమ్మల్లాంటి ఎల్, డీ రూపాలు రెండు పక్కపక్కన పెట్టి ఒకదాని మీద ఒకటి సరిపెట్టమంటే ఎంత తిప్పినా కుదరదు, ఇది బోర్డు మీద ఎంతసేపు గీసినా తలకెక్కదు.

ఇక లోటు దగ్గరికొస్తే, ప్రోటీన్ల పాఠంలో ఈ కిట్ తప్పు నేర్పిస్తుంది, ఇది నాకు నిజంగా బాధ. అమైనో ఆసిడ్లని కలిపే పెప్టైడ్ బాండ్‌ని మామూలు పుల్లతో కడితే కార్బన్, నైట్రోజన్ల మధ్య గిరగిరా తిరుగుతుంది, అసలు దానికి సగం డబుల్ బాండ్ గుణం ఉంటుంది కాబట్టి అలా తిరగదు. డబుల్ పుల్లలు పెడదామంటే కార్బన్‌కి రంధ్రాలు చాలవు. నేను ఆ జాయింట్ చుట్టూ సెల్లో టేప్ గట్టిగా చుట్టేస్తా, అప్పుడు ఆల్ఫా కార్బన్‌కి (ప్రతి అమైనో ఆసిడ్ నడిమి కార్బన్) అటూ ఇటూ ఉన్న రెండు బాండ్లే తిరుగుతాయి. ఆ రెండు కోణాల్లో ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు అని లెక్క తేల్చింది ఇక్కడే మన మద్రాస్ యూనివర్సిటీలో, జి.ఎన్. రామచంద్రన్ గారు, రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి, 1963లో. ఈ ఊళ్లో చదువుతూ ఆ సంగతి తెలియకుండా పోకూడదని ప్రతి బ్యాచ్‌కీ చెప్తా. కాకపోతే పరమాణువులు ఒకదానికొకటి గుద్దుకునేది ఈ పుల్లల కిట్‌లో కనపడదు, పుల్లలు పొడుగు, బంతులు చిన్నవి, దానికి పెద్ద బంతులు ఒకదానికొకటి ఆనుకుని ఉండే స్పేస్ ఫిల్లింగ్ మోడల్ ఉండాల్సిందే.

నీళ్లకీ అదే ఇబ్బంది, హైడ్రోజన్ బాండ్‌కి ఇందులో ఏ ముక్కా లేదు. ఒక అణువు హైడ్రోజన్ నుంచి పక్క అణువు ఆక్సిజన్‌కి నూలు దారం కడతా, మామూలు బాండ్‌కి దాదాపు రెండింతలు పొడుగు ఉండేలా, నిజంలో కూడా సుమారు అంతే. పుల్ల లాగాలంటే బలం కావాలి, దారం ఇట్టే ఊడొస్తుంది, డీఎన్ఏ రెండు పోగులు విడిపోవడం చెప్పేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. పీహెచ్, బఫర్, అయాన్లు, వీటికి మాత్రం కిట్ దండగ, రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఎలా నిలబడుతుందో చెప్పడానికి బోర్డే నయం.

మన్నిక పర్లేదు. బంతులు ఒక్కటీ పగల్లేదు గానీ వంగే పుల్లలు లూజైపోయాయి, తెల్లవి చాలా పోయాయి, విడిగా దొరక్క ఇంకో సెట్ కొనాల్సొచ్చింది.

కొనేవాళ్లు మూడు రంధ్రాల కార్బన్లు ఉన్నాయో లేదో పెట్టె తెరిపించి చూడండి. అవి లేకపోతే డబుల్ బాండ్ దగ్గర 120 డిగ్రీల కోణం రాదు. ఫాస్ఫరస్ కనీసం మూడు ఉండాలి, లేదంటే కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అణువు కట్టలేరు. తెల్లవి యాభైకి తక్కువున్న సెట్ అయితే నేను తీసుకోను.