ముక్కు చుక్కలు కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు సీసా తిప్పి చదవండి

మెడికల్ షాపులో "ముక్కు దిబ్బడ, చుక్కలివ్వండి" అని అడిగితే రెండు రకాల సీసాల్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఒకదాంట్లో ఉప్పునీళ్లు, రెండోదాంట్లో రక్తనాళాలను బిగించే మందు. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పేరు నమ్మకండి. సన్నక్షరాల్లో సోడియం క్లోరైడ్ ఒక్కటే ఉంటే ఉప్పునీళ్లు. జైలోమెటాజోలిన్ 0.1 శాతం అనో, ఆక్సీమెటాజోలిన్ 0.05 శాతం అనో ఉంటే రెండో రకం. జనం ఇరుక్కునేది దీంతోనే.

జలుబులో ముక్కు మూసుకుపోయేది చీమిడి వల్ల మాత్రమే కాదు. లోపలి పక్కగోడలకున్న మెత్తటి మడతల్లో రక్తం నిండి అవి ఉబ్బుతాయి. ఎంత చీదినా దిబ్బడ వదలనిది అందుకే. ఈ మందు ఆ నాళాలను బిగించేసరికి 5-10 నిమిషాల్లో దారి తెరుచుకుంటుంది. మొదటి రాత్రి హాయిగా నిద్ర పడుతుంది, చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. కొన్ని రోజులు వరసగా వాడాక నాళాలు మందుకు అలవాటుపడతాయి. దాని పట్టు వదలగానే ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ రెండు చుక్కలు. మొదట్లో రాత్రంతా పనిచేసింది కాస్తా రెండు మూడు గంటలకే దిగిపోతుంది, సీసా దిండు పక్కకు చేరుతుంది. తుమ్ముల్లేవు, నీళ్లు కారడం లేదు, దిబ్బడ మాత్రం రెండు పక్కలా వదలడం లేదంటే మొదట ఈ సీసానే అనుమానించండి. చాలామంది దీన్ని సైనస్ అనుకుని యాంటీబయాటిక్ కోర్సు కూడా కొంటారు. అదీ దండగే.

కాబట్టి తెరిచిన రోజే తేదీని పెన్నుతో సీసా మీద రాయండి. 3 రోజులు, మహా అయితే 5. బీపీ, గుండె జబ్బు, థైరాయిడ్, గ్లకోమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడొద్దు.

పెద్దల సీసాలోంచి "ఒక్క చుక్కే కదా" అని పసిపిల్లలకు వేయకండి. ఆక్సీమెటాజోలిన్ రకం చుక్కలు 1-2 మిల్లీలీటర్లు మింగినా ఐదేళ్లలోపు పిల్లలకు ప్రమాదమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో హెచ్చరించింది. గుండె వేగం తగ్గి, మగతలోకి జారిపోతారు. టీవీ పక్కన, మంచం మీద పడేసే వస్తువు కాదది.

ఇప్పటికే అలవాటైతే ఒక పక్క ముందు మానేయండి. అది తెరుచుకున్నాక రెండోది. వారం పది రోజులు గట్టిగానే ఇబ్బంది పెడుతుంది. ఈలోగా డాక్టర్లు ఫ్లూటికసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. అది గంటలో పనిచేసేది కాదు, కొన్ని రోజులు పడుతుంది. "పనిచేయట్లేదు" అని రెండో రోజే ఆపేయకండి. కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో కొట్టండి. మందు మధ్య గోడకు తగలకూడదు, తగిలితే రక్తం వస్తుంది. ఉప్పునీళ్లతో కడుక్కునేవాళ్లు మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు కలుపుకోవాలి. కుళాయి నీళ్లు నేరుగా పోయకండి.

ఒక పక్కే మూసుకుపోయి, దుర్వాసనతో చీమిడో రక్తమో వస్తుంటే ఏ చుక్కలూ కొనొద్దు, ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. చిన్నపిల్లల్లో అయితే లోపల శనగగింజో పూసో ఇరుక్కుని ఉండొచ్చు. ఇంట్లో చిమటాతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది.