పాలమూరు నుంచి థీమ్ పార్కుకి పోతే తిండి ఖర్చు ఇలా చూసుకోండి

పిల్లలతో హైదరాబాద్ ఔటర్ పక్కనున్న ఒక థీమ్ పార్కుకి పోయొచ్చాం. రైడ్లు సూపర్. అసలు లెక్కంతా తిండి దగ్గరే, బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి టికెట్లతో పాటు మధ్యాహ్నం భోజనం, సాయంత్రం స్నాక్స్‌కి వేరేగా డబ్బులు పెట్టుకోవాల్సిందే. మనవైపు నుంచి పోయేవాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మధ్య 44వ నంబరు హైవే మీదే కడుపునిండా టిఫిన్ చేసేయండి, జొన్నరొట్టెలు కట్టుకుంటే కారులో ఉంచి తిరుగుదారిలో తినొచ్చు. లోపల బిర్యానీ వేడిగా, రుచిగా ఉంది, కానీ ప్లేటు ఒక్కరికే సరిపోతుంది, పైగా మా అత్తమ్మకు కారం ఎక్కువై పెరుగన్నం విడిగా కొనాల్సి వచ్చింది. చిన్నపిల్లలిద్దరికి ఒక థాలీ చాలు. బిల్లులో 5 శాతం జీఎస్టీ మామూలే, సర్వీస్ ఛార్జి మాత్రం తప్పనిసరి కాదని 2022లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, ఎక్కడైనా వేస్తే మొహమాటపడకుండా తీసేయమనండి.