హైదరాబాద్‌లో గుంతల పూడ్పు సేవ: ఫిర్యాదు నంబరు నుంచి ప్యాచ్ అంచు దాకా

గుంతలు పూడ్చే సేవను రెండు ముక్కలుగా విడదీసి చూస్తేనే సరైన మార్కులు వేయగలం. ఫిర్యాదు తీసుకుని సంబంధిత సర్కిల్ ఇంజినీరింగ్ విభాగానికి చేర్చడం ఒక ముక్క. పనివాళ్ల గ్యాంగు వచ్చి రోడ్డు మీద చేసే పని రెండో ముక్క. మొదటిది బాగానే నడుస్తుంది. రెండోదానికి మాత్రం ఒక్క మార్కు వేసి ఊరుకోలేం. ఒకే నగరంలో, ఒకే రకం తారుతో వేసిన రెండు ప్యాచ్‌లలో ఒకటి వానాకాలం అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది, ఇంకొకటి నాలుగు వానలకే కంకర కక్కేస్తుంది. ఆ తేడా సరుకులో తక్కువ, గుంతను సిద్ధం చేయడంలో ఎక్కువ. ఇంత యంత్రాంగం ఉండి అరగంట పని దగ్గర చెడుతోందంటే బాధ కలుగుతుంది. అది చేతనైన పని, చేయగలిగిన పని.

ముందు ఫిర్యాదు సంగతి. జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కి ఫోన్ చేయొచ్చు, లేదా మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో ఫోటో, లొకేషన్‌తో పెట్టొచ్చు. యాప్ దారే మంచిది, ఎందుకంటే లొకేషన్ తప్పుపోదు, ఫోటో రికార్డులో ఉంటుంది. అయితే ఫోటో ఎలా తీశామన్నది కూడా ముఖ్యమే. గుంతను దగ్గర్నుంచి తీసిన ఫోటో ఒక్కటే పెడితే అది ఏ రోడ్డో, ఏ పక్కో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) అర్థం కాదు. ఒకటి దగ్గర్నుంచి, పక్కన చెప్పో హెల్మెట్టో పెట్టి, సైజు తెలిసేలా తీయాలి. ఇంకొకటి దూరం నుంచి, దుకాణం బోర్డో కరెంటు స్తంభం నంబరో కనపడేలా తీయాలి. మెట్రో లైను కింద రోడ్డయితే పిల్లర్ నంబరును మించిన ఆనవాలు లేదు. ఏ వైపు వెళ్లే లేనో కూడా రాయాలి. "ఎడమ చక్రం దారిలో, సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు" అని రాస్తే గ్యాంగు ఎంత సరుకు తేవాలో ముందే తెలుస్తుంది. "రోడ్డు చాలా దారుణంగా ఉంది" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఫిర్యాదు వేసే ముందు ఆ గుంత ఎవరిదో చూసుకోవాలి. ఎక్కువ ఫిర్యాదులు తిరిగి తిరిగి ఆగిపోయేది ఇక్కడే. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలోని రోడ్లు కంటోన్మెంట్ బోర్డువి, కార్పొరేషన్‌వి కావు. జాతీయ రహదారి భాగాలకు వేరే యంత్రాంగం ఉంటుంది. మురుగు మ్యాన్‌హోల్ చుట్టూ రోడ్డు కుంగినా, మూత ఎత్తుపల్లాలుగా ఉన్నా మెట్రో వాటర్ (వాటర్ బోర్డు) వాళ్లకు, అంటే 155313కి చెప్పాలి. వాననీటి కాలువ మీది మూతయితే కార్పొరేషన్‌కు. వాన లేని రోజుల్లో కూడా గుంత చుట్టూ తడి ఉందంటే కింద మంచినీళ్ల పైపు కారుతోందని దాదాపు ఖాయం. అప్పుడు ముందు లీకేజీ ఫిర్యాదు, అది బాగయ్యాకే గుంత ఫిర్యాదు వేయాలి. ఈ వరస తిరగేస్తే కొత్త ప్యాచ్‌ను వాటర్ బోర్డు వాళ్లే తవ్వాల్సి వస్తుంది.

ఇక అసలు పని. ప్యాచ్ పద్ధతి కొత్తదేమీ కాదు, రోడ్డు పనుల స్పెసిఫికేషన్లలో ఏళ్ల తరబడి ఉన్నదే. గుంత ఏ ఆకారంలో ఉన్నా దాని చుట్టూ గట్టి రోడ్డు తగిలేదాకా చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో కోయాలి. పక్కలు నిటారుగా ఉండాలి. లోపలి వదులు కంకర, మట్టి, నీళ్లు పూర్తిగా తీసేసి ఊడవాలి, వీలైతే గాలి కొట్టాలి. అడుగుకూ నాలుగు పక్కలకూ ట్యాక్ కోట్, అంటే పాత రోడ్డుకు కొత్త సరుకు అతుక్కునేలా చేసే పలుచటి తారు పూత, పూయాలి. చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములు చాలు. దీనికి వాడే ఎమల్షన్ (నీళ్లతో కలిపిన తారు) పూసినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది. అందులోని నీళ్లు విడిపోయాక నల్లబడుతుంది. ఆ నలుపు వచ్చేదాకా ఆగి, అప్పుడే మిక్స్ (తారు, కంకర కలిపిన సరుకు) వేయాలి. గోధుమ రంగులో ఉండగానే వేస్తే లోపల నీటిని బంధించినట్టే. లోతు ఎక్కువుంటే ఒకేసారి నింపకుండా పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాలి. పై పొర చుట్టూ ఉన్న రోడ్డు కంటే కాస్త ఎత్తుగా పరిస్తే రోలర్ తొక్కాక సమానమవుతుంది. మూడు మీటర్ల పట్టీ పెట్టి మట్టం చూడాలి.

ఇందులో ఎక్కువగా ఎగ్గొట్టేది కోత. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 60 సెంటీమీటర్లు పొడవూ వెడల్పూ, 5 సెంటీమీటర్ల లోతున్న గుంతకు సుమారు 40 కిలోల మిక్స్ సరిపోతుంది. అదే గుంతను నాలుగు పక్కలా 10 సెంటీమీటర్లు పెంచి కోస్తే 80 సెంటీమీటర్ల చతురస్రమవుతుంది. అప్పుడు సుమారు 70 కిలోలు పడుతుంది. కటింగ్ మిషను, దాన్ని నడిపే మనిషి, కోసిన శిథిలం ఎత్తడం అదనం. రోజుకు ఇన్ని గుంతలు పూడ్చాలన్న ఒత్తిడిలో ఉన్న గ్యాంగు సహజంగానే కోత వదిలేసి, ఉన్న గుంతలో పారతో పోసి తొక్కించి వెళ్లిపోతుంది. అలా చేసిన ప్యాచ్ అంచుల దగ్గర పలచబడి, రొట్టె అంచులా అయిపోతుంది. అక్కడ మందం పెద్ద కంకర రాయి సైజు కంటే తక్కువుంటుంది కాబట్టి అది గట్టిపడే అవకాశమే లేదు. మొదట ఆ అంచు లేస్తుంది, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి. టైరు ఎక్కినప్పుడల్లా ఆ నీళ్లు ఒత్తిడితో కిందికీ పక్కలకీ తన్ని, రాయి మీది తారును ఒలిచేస్తాయి. అందుకే ప్యాచ్ నడుమ బాగున్నట్టే కనిపిస్తుంది, చుట్టూ మాత్రం కొత్త గుంత మొదలవుతుంది.

సరుకు విషయానికొస్తే ప్లాంటులో వేడిగా కలిపిన హాట్ మిక్స్‌కే మొదటి స్థానం, కానీ వేడిగా ఉంటేనే. వీజీ-30 రకం తారుతో చేసిన మిక్స్‌ను పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, రోలింగ్ 90 డిగ్రీల కంటే దిగకముందే అయిపోవాలి. కార్పెట్, అంటే రోడ్డంతా కొత్త తారు పొర, వేసేటప్పుడు ఇది తేలిక, ఎందుకంటే లారీ మొత్తం ఒకేచోట ఖాళీ అవుతుంది. గుంతలకైతే అదే లారీ ఊరంతా తిరుగుతూ తట్టల లెక్కన దింపుతుంది. పొద్దున్నే మొదటి గుంతకు దక్కిన వేడి మధ్యాహ్నం చివరి గుంతకు దక్కదు. టార్పాలిన్ సరిగా కప్పకపోతే ఇంకా ముందే చల్లారుతుంది. చల్లారిన మిక్స్ గడ్డలు గడ్డలుగా పారకు అంటుకుంటుంది, రోలర్ ఎంత తొక్కినా పైన చిల్లులు చిల్లులుగానే ఉంటుంది. మంచి మిక్స్ నల్లగా నిగనిగలాడుతుంది. ప్లాంటులో మాడిన మిక్స్ మెరుపు లేకుండా గోధుమగా కనిపిస్తుంది. అది వేడిగా ఉన్నా పనికిరాదు. తారులోని జిగి పోయుంటుంది.

వానాకాలంలో హాట్ మిక్స్ దొరకడమే కష్టం. తడి కంకర ప్లాంటును నడవనివ్వదు. అప్పుడు దిక్కు బస్తాల్లో వచ్చే కోల్డ్ మిక్స్. వేడి చేయక్కర్లేదు, బస్తా విప్పి పోసి దిమ్మిస కొడితే చాలు, వెంటనే బండ్లు వదలొచ్చు. పైన చెప్పిన 60 సెంటీమీటర్ల గుంతకు కోయకుండా అయితే 25 కిలోల బస్తాలు రెండు, కోస్తే మూడు పడతాయి. కోల్డ్ మిక్స్‌ను చిన్నచూపు చూడక్కర్లేదు. వానల మధ్యలో మనుషుల ప్రాణాలు కాపాడేది అదే. కానీ దాని హద్దు తెలిసి వాడాలి. కట్‌బ్యాక్ తారుతో (ద్రావకం కలిపి పలుచన చేసిన తారుతో) చేసిన రకంలో ద్రావకం ఆవిరయ్యేకొద్దీ గట్టిపడుతుంది, దానికి టైము పడుతుంది. బస్టాపులో, సిగ్నల్ దగ్గర బస్సులు బ్రేకు వేసే చోట అది పక్కకు జరిగి గట్టులా లేస్తుంది. లోతైన గుంతను మొత్తం దాంతోనే నింపితే లోపల మెత్తగానే ఉండిపోతుంది. అడుగున కంకర వేసి దిమ్మిస కొట్టి, పైపొరకే కోల్డ్ మిక్స్ వాడటం సరైన పద్ధతి. బస్తా చిరిగి గాలి సోకి రాయిలా బిగిసిన సరుకును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు.

తడి గుంతల కోసం కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ (సీఆర్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఉక్కు తయారీలో మిగిలే స్లాగుతో ఎకోఫిక్స్ అనే మిక్స్‌ను అభివృద్ధి చేశారు. నీళ్లున్న గుంతలో కూడా వేయొచ్చన్నది దాని ప్రత్యేకత. దాని తయారీలో విశాఖపట్నం సంస్థ పాలుపంచుకోవడం మనకు సంతోషించదగ్గ విషయం. కోల్డ్ మిక్స్ కొనే ఏ మున్సిపాలిటీ అయినా ఇలాంటి సరుకును బస్టాపులు, పల్లపు జంక్షన్ల మీద పోల్చి చూసి కొంటే మేలు.

సిమెంటు కాంక్రీటుతో తారు రోడ్డు గుంత పూడ్చడం నాకు అసలు నచ్చని పద్ధతి. కాంక్రీటు వంగదు, పక్కనున్న తారు వంగుతుంది. రెండింటి మధ్య సందు తెరుచుకుంటుంది. క్యూరింగ్ కోసం రోజుల తరబడి బారికేడ్ పెట్టలేక బండ్లు వదిలేస్తే పైపొర పొడిగా రాలిపోతుంది. మొరం, ఇటుక ముక్కలు పోసి తొక్కించడం గురించి చెప్పేదేమీ లేదు. ఒక్క వానకు బురద, ఎండకు దుమ్ము.

ఎంత మంచి ప్యాచ్ వేసినా మళ్లీ మళ్లీ గుంత పడే చోట్లు కొన్ని ఉంటాయి. స్పీడ్ బ్రేకర్ దిగువ, నీళ్లు పోయే దారిలేని డివైడర్ పక్క, పైపు కోసం తవ్వి పూడ్చిన గాడి, రోడ్డు మీద వరసగా కార్పెట్లు వేయగా మట్టం తగ్గిపోయిన మ్యాన్‌హోల్. తవ్విన గాడిని పూడ్చేటప్పుడు మట్టిని పలుచటి పొరలుగా వేసి ఒక్కోదాన్నీ దిమ్మిస కొట్టాలి. ఒకేసారి గాడి నిండా తోసేస్తే, పైన ఎంత మందం తారు వేసినా తొలి వానలకు గాడి పొడవునా కుంగుతుంది. ప్యాచ్ చుట్టూ ఎర్రమట్టి నీళ్ల మరకలు కనిపిస్తే అడుగు పొర తడిసి పైకి కక్కుతోందని అర్థం. జాలీలా పగుళ్లు అల్లుకుని ఉంటే ఆ భాగమంతా తీసి మళ్లీ వేయాల్సిందే. అలాంటి చోట ప్యాచ్ కోసం ఫిర్యాదు చేయడం వృథా. "నీళ్లు నిలుస్తున్నాయి, కాలువ తూము మూసుకుపోయింది" అని ఫిర్యాదు చేయాలి.

2020లో సుమారు 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్లపాటు ఏజెన్సీలకు అప్పగించిన సీఆర్‌ఎంపీ (సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం) ఆలోచన ఈ కోణంలోనే విలువైనది. గుంతకింత అని డబ్బిస్తే గుంతలు పెరగడం కాంట్రాక్టరుకు నష్టం కాదు. రోడ్డంతా ఐదేళ్లు నీ పూచీ అన్నప్పుడు మాత్రం మొదటి ప్యాచ్‌ను గట్టిగా వేయడమే అతనికి లాభం. కాలనీ రోడ్లకు ఈ పద్ధతి ఎప్పుడు పూర్తిగా వస్తుందా అని నా ఎదురుచూపు.

సేవలో నేను గట్టిగా తప్పుపట్టేది ఫిర్యాదు మూసే తీరును. పూడ్చిన వెంటనే తీసిన ఫోటోలో పైపొర ఒక్కటే కనిపిస్తుంది. కోశారా, ఆరబెట్టారా, ట్యాక్ కోట్ పూశారా అన్నది అందులో తెలియదు. కోసి, శుభ్రం చేసిన ఖాళీ గుంత ఫోటో ఒకటి, పూడ్చాక ఇంకొకటి తప్పనిసరి చేస్తే సగం లోపాలు వాటంతటవే పోతాయి. దానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు, ఫోన్ చాలు.

ఫిర్యాదు మూసినట్టు మెసేజ్ వస్తే ఆ రోజు చూసి ఊరుకోకండి, ఒక పెద్ద వాన పడ్డాక మళ్లీ చూడండి. అంచు గీత నేరుగా ఉందా, వేలితో గీకితే కంకర ఊడుతోందా, ప్యాచ్ మీద నేరుగా ఉండే పైపు ముక్క అడ్డంగా పెడితే కింద సందు కనిపిస్తోందా, నీళ్లు ప్యాచ్ మీద నిలుస్తున్నాయా. ఇవి చూస్తే చాలు. తేడా ఉంటే కొత్త ఫిర్యాదులో పాత నంబరు, పూడ్చిన తేదీ, "కోత లేకుండా వేశారు, తూర్పు అంచు లేచింది" లాంటి ఒక్క స్పష్టమైన వాక్యం రాయండి. "మళ్లీ గుంత పడింది" అంటే వానను తప్పుపట్టి తప్పించుకోవచ్చు. కోత లేదంటే అలా కుదరదు.

అదే చోట గుంత పదేపదే పడుతుంటే సమాచార హక్కు చట్టం వాడుకోవాలి. 10 రూపాయల రుసుముతో సర్కిల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టి, ఆ రోడ్డు పనికి ఎం-బుక్‌లో (ఇంజినీర్ల కొలతల పుస్తకంలో) రాసిన కొలతల నకలు, వర్క్ ఆర్డరు, లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత వహించాల్సిన గడువు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. ఎం-బుక్‌లో రాసిన పొడవు, వెడల్పు, మందం రోడ్డు మీద టేపు పెట్టి కొలిచి చూసుకోవచ్చు. బాధ్యత గడువు ఇంకా మిగిలుంటే కార్పొరేషన్ డబ్బుతో మళ్లీ పూడ్చాల్సిన పని లేదు, ఆ కాంట్రాక్టరుతోనే చేయించమని డీఈకి (డిప్యూటీ ఇంజినీరుకు) రాతపూర్వకంగా అడగొచ్చు. చట్టంలోని సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. కాలనీ సంఘాలు ఈ రెండో హక్కును దాదాపుగా వాడుకోవడమే లేదు. కొత్త కార్పెట్ పని మొదలైన రోజే ఆ దరఖాస్తు ఆఫీసులో ఉంటే మందం సంగతి ముందే తేలిపోతుంది.